కళ్ళు మూసుకున్నాక

చర్చిలో యువకుల కూడిక ముగిసింది. కుర్చీలు మడుస్తున్న కుర్రాడి దగ్గరికి పాస్టరుగారు వచ్చారు. సంఘమే జీతమిచ్చి, సెమినరీలో పాస్టరు చదువు చదివిస్తూ, యువసేవకు తయారుచేసుకుంటున్న కుర్రాడతను.

"పిల్లలంతా ముఖాలు మాడ్చుకుని పోతున్నారేం బాబూ?"

"ఏమో అయ్యగారూ. నేనొక్క మాట కూడా అన్లేదు. ప్రార్థన చేసి పంపించానంతే."

"ఏమని చేశావు?"

"వాక్యం చెబుతుంటే ఫోన్లలో తలదూర్చిన వెనకవరస వాళ్ళని క్షమించమన్నాను. ఆలస్యంగా వచ్చిన ఎర్రచొక్కా తమ్ముడికి బుద్ధి ప్రసాదించమన్నాను."

"అదేదో ముఖం మీదే అడగొచ్చుగా?"

"అడిగితే తిరగబడతారండీ! కళ్ళు మూసుకుని ఉంటే ఒక్కడూ నోరెత్తడు."

"ఈ విద్య సెమినరీలో నేర్పారా?"

"లేదండీ. మొన్న ఆదివారం ప్రార్థనలో మీరు పాటల బృందాన్ని దులిపేశారు చూడండీ, అప్పుడు పట్టేశాను."

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"కళ్ళు మూసుకో బాబూ, ప్రార్థన చేద్దాం. ప్రభువా, పెద్దల్ని వేలెత్తి చూపే ఈ బిడ్డని క్షమించు. వచ్చే ఏడు కూడా ఇతన్ని ఉంచుకోవాలో, సాగనంపాలో మాకు తెలియజెయ్యి..."

కుర్రాడు ఒక కన్ను కొంచెం తెరిచి చూశాడు. అయ్యగారు రెండు కళ్ళూ తెరుచుకుని అతన్నే చూస్తున్నారు.

"ఆమేనండీ," అన్నాడు.