మేనా మోసిన జొన్న సంగటి

మద్దిలేటని ఒక బోయీ ఉండె. ఊరి పెద్ద దేశాయి ఇంటి మేనాకు ముందు నిలబడి మోసేది ఆయప్పే, ఆయప్పతో కలిపి నలుగురు. దేశాయి కూతురు శేషమ్మకు తొలికాన్పు, నెలలు నిండినాయి. మంత్రసాని సుంకులమ్మేమో కనమకు అవతల ఊర్లో ఉంటాది, మోకాళ్ల నొప్పులతో నడవలేదు. ఆ ఊరి కాన్పులు వదిలి ముందుగా వచ్చి ఉండేదానికీ లేదు, శేషమ్మకు నొప్పులు మొదలైతే అప్పుడు సుంకులమ్మను మేనాలో మోసుకురావాల. అందుకని దేశాయి ఏం చేసినాడంటే, నాలుగు దినాల ముందే బోయీలను తనింట్లో పెట్టుకున్యాడంట. సంగటి తింటే కడుపు బరువెక్కి కునుకుతారు, మాంసం తింటే పులుల మాదిరి ఉరుకుతారు అని, పొద్దున కోడి, మాపటికి పొట్టేలు. ముద్ద మాత్రం చూపీలే. మొదటి దినం సంబరమే అనుకోండి. మీకైతే ఉండదా? మూడో దినానికి మద్దిలేటికి ఒంట్లో సత్తువంతా ఎవురో తోడేసినట్టుంది. అయినా దేశాయికి ఎదురు చెప్పేదెట్లా?

నాలుగోనాడు తెల్లారగానే నొప్పులు. పోయేటప్పుడు ఖాళీ మేనా, ఎట్లనో పోయినారు. వచ్చేటప్పుడు ఏమైందంటే, సుంకులమ్మ మంచి ఒళ్లున్న మనిషి, కనమ సగం ఎక్కేసరికి మద్దిలేటికి కండ్లు బైర్లు కమ్మె, కాళ్లు వణికె. నలుగురూ మేనా దించి కూలబడినారు. శేషమ్మను చిన్నప్పుడు భుజాన ఎత్తుకుని తిప్పినోడు మద్దిలేటి. ఆడ ఆ పిల్ల పానం మీదికొచ్చె, ఈడ నా కాళ్లు ఇట్లాయె అని తల బాదుకున్యాడంట. సుంకులమ్మ తల బయటికి పెట్టి, ఈ నాలుగు దినాలూ ఏం తిన్యార్రా అని అడిగింది. చెప్పినారు. ఆమెకు నవ్వాల్నో తిట్టాల్నో తెలీలే.

"మాంసం మంచిదే నాయనా. మోసేదానికి మాత్రం గింజ పడాల. ముద్ద పెట్టకుండా మేనా ఎత్తమన్నోడు ఎవుడు?"

పక్కనే గొర్రెలోళ్ల గుడిసె ఉంటే, వాళ్లనడిగి జొన్న సంగటి, పప్పు, ఇంత గోంగూర పెట్టించింది. గబగబా మింగబాకండి, నమిలి తినండి అని దగ్గరే కూర్చుందంట, ఆడ కాన్పు పెట్టుకుని. మద్దిలేటి ఒక పక్క ఏడుస్తానే తిన్యాడు. కాసేపు కూర్చుని లేస్తే కాళ్లల్లోకి పానం వచ్చె. ఇంక చూడండి, ఓహోం ఓహోం అని కనమ దిగి ఊర్లో పడినారు.

పొద్దు వాలకముందే బిడ్డ కేరుమనింది. తల్లీ బిడ్డా బాగుండారని తెలిసినాక మద్దిలేటి అరుగు మింద కూలబడి, ఎవురు చూస్తాండారో గూడా చూసుకోకుండా ఏడ్చినాడంట. గుండెల మీంద బరువు అప్పుడు దిగింది ఆయప్పకు. దేశాయి బయటికొచ్చి, ఏం కావాలో అడగరా అన్యాడు.

"సంగటి ఉంటే పెట్టించు సామీ. పొట్టేలు కూర గూడా ఉండనీ."

దేశాయి గూడా వాళ్ల పక్కన కూర్చుని తిన్యాడని మా జేజి, మా నాయన వాళ్లమ్మ, చెప్తాండె. నేనైతే నమ్మను. మొదటి మనవడిని లోపల పెట్టుకుని ముద్ద కాడ కూర్చునే తాత యాడన్నా ఉంటాడా, మీరే చెప్పండి.