వీరాయమ్మ కొంగు ముళ్ళు

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, జూలై పదహారు, గురువారం. పొద్దున్నుంచీ ఆకాశం మూసుకుపోయి ఉందంట, చినుకు మాత్రం లేదు, ఆకు కదల్లేదు, ఒకటే ఉక్క. ఆ ఉక్కలో మా పాతూరివారిపాలెం వీరాయమ్మ కొంగుకి ముళ్ళేసుకుని టౌను బస్సు కోసం నిలబడింది. ముళ్ళెందుకంటే, చెప్తా. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఒక పెంకుటిల్లు, ఒక పాడిగేదె, చెవులకి కమ్మలు, అదీ ఆవిడ ఆస్తి. నెల రోజులుగా ఆవిడకి అన్నం గొంతులో అడ్డం పడుతోంది. ముద్ద పెట్టుకుంటే దిగదు, నీళ్ళు తాగి తొయ్యాలి. ఎవరికన్నా చెప్తే ఏమంటారో మీకు తెలుసు గదా, ఆ రోగం పేరెత్తి అప్పుడే ఏడుపు మొదలెడతారు. అందుకని ఎవరికీ చెప్పలా. గుంటూరు నుంచి పెద్ద డాక్టరు పదిహేను రోజులకోసారి గురువారంనాడు టౌనుకొస్తాడు, ఆయనకే చూపించుకుందామనుకుంది.

ఆయన దగ్గర నంబరు దొరకడమంటే మాటలా. సోమవారం పొద్దున ఫోన్ చెయ్యాలి, చేస్తే ఎంగేజి. మా ఊరి ఎస్టీడీ బూత్ సుబ్బరామయ్య ఆ డయలు తిప్పీ తిప్పీ విసిగిపోయి, చివరికెట్టాగో నంబరు పట్టాడంట. పట్టినవాడు ఊరుకున్నాడా, "ఎట్టాగూ పోతున్నావు గదా పిన్నీ, నా మోకాలు సంగతి గూడా ఒకమాట అడుగు" అన్నాడు. మా ఊళ్ళో అదొక పద్ధతి. టౌనుకి ఎవరు పోతున్నా, ఎట్టాగూ పోతున్నావు గదా అని తలా ఒక పని చెప్తారు, దారపుండ దగ్గర్నుంచి విత్తనాల దాకా. వీరాయమ్మ పనికొక ముడి కొంగుకేసుకుని, టౌన్లో ఒక్కోటీ విప్పుకుంటూ తెచ్చేది. ఎన్నడూ ఒక్కటి మర్చిపోలేదని పేరు. నేను గుంటూరు కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో లాజిక్కు లెక్చరరు ఒకాయన ఉండేవాడు, జ్ఞాపకశక్తి మీద గంట మాట్లాడి కళ్ళజోడు అక్కడే మర్చిపోయి పోయేవాడు, సర్లే, అది వేరే కథ. సుబ్బరామయ్య మోకాలికి ఒక ముడి పడిందా, పక్కింటి అచ్చమ్మ వచ్చింది, "అక్కా, నాకు నిద్ర పట్టడంలా, అడుగు" అని. ముడి. మరిది కోటిలింగం వచ్చాడు, "వదినా, గట్టెక్కుతుంటే గుండెల మీద బరువుగా ఉండి ఎడం చెయ్యి లాగుతోంది, గ్యాసే అనుకో, అయినా అడుగు." ముడి. మరి ఆవిడ గొంతుకో? దానికి ముడెందుకు, తమ బాధ తాము మర్చిపోతారా ఎవరన్నా! అదీగాక ఆ ముడి ఎవరిదని అడిగితే ఏం చెప్తుంది?

సుబ్బరామయ్య ఒక కిటుకు గూడా చెప్పి పంపాడంట. "ఒక నంబరుకి ఒక మనిషినే చూస్తారు పిన్నీ. ఊళ్ళోవాళ్ళవని చెప్పమాకు, అన్నీ నీకేనని చెప్పు." సరేనంది. పోయింది, మేడ మీద ఆసుపత్రి, వరండాలో పొద్దుగుంకేదాకా కూర్చోబెట్టారు. తీరా పిలిచాక ఏమైందంటే, లోపల ఫ్యాను గాలి, మందు వాసన, ఎదురుగా కళ్ళజోడు డాక్టరు, వెనకాల కాంపౌండరు తొందర. వీరాయమ్మ కంగారుపడిపోయింది. గబగబా కొంగు తీసి మొదటి ముడి విప్పి "మోకాలు బాబూ" అంది. రెండోది విప్పి "నిద్ర పట్టదు" అంది. మూడోది విప్పి గుండె బరువు, ఎడం చెయ్యి చెప్పింది. డాక్టరు రాసేవాడల్లా కలం ఆపాడంట. "ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?" అన్నాడు. ఆవిడకేం తెలుసు? "అడిగి చెప్తాను బాబూ" అంది. "ఎవర్నడుగుతావు?" అన్నాడాయన. గొట్టం పెట్టి చూశాడు, గుండె గంటలాగా కొట్టుకుంటోంది. "చెయ్యి లాగే మనిషివి ఈ మేడ ఎట్టా ఎక్కావమ్మా?" "ఎక్కాను బాబూ, గబగబా ఎక్కాను." ఆయనకి ఆ లెక్క కుదరలేదు. "చూడమ్మా, నువ్వు చెప్పినవాటిల్లో ఒకటుంది, అశ్రద్ధ చేస్తే మనిషి దక్కడు. వచ్చే టర్నుకి మీ ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకుని రా" అన్నాడు. ఏది బాబూ అని అడిగేలోపల గంట మోగింది, ఇంకో నంబరు లోపలికొచ్చింది, కాంపౌండరు ఈవిణ్ణి బయటికి సాగనంపాడు.

బస్సులో కూర్చుని చూసుకుంటే కొంగున ముళ్ళన్నీ విప్పి ఉన్నాయి. మరి గొంతు సంగతి చెప్పానా, చెప్పలేదా? చెప్పినట్టే ఉంది, చెప్పనట్టూ ఉంది. నోరు తెరిచి చూపించానా? చూపించినట్టు గుర్తులేదు. మరి చెప్పకపోతే మనిషి దక్కడని ఆయన అన్నది ఎవర్ని? టౌను నుంచి ఊరి దాకా ఇదే గోల అనుకోండి.

ఊళ్ళో దిగేసరికి అందరూ అరుగు మీదే ఉన్నారు. "ఏవన్నాడు, ఏవన్నాడు?" ఒకటి మంచిది కాదన్నాడని చెప్పింది. ఏదంట? అది డాక్టరు చెప్పలా. ఇక చూస్కోండి! "మోకాలు నొప్పితో ఎవరన్నా పోయారా, నాది కాదు" అని సుబ్బరామయ్య. "నిద్రపట్టకపోతే పోతారా, పడితే పోతారు గానీ" అని అచ్చమ్మ. కోటిలింగం మటుకు తువ్వాలు దులిపి భుజానేసుకుని, "ఎందుకీ రభస? డాక్టరు చూసిందెవర్ని? వదిన్ని. మనిషిని చూడకుండా మాట చెప్తాడా ఎక్కడన్నా? వదినా, చెప్పకూడదు గానీ, అది నీదే" అన్నాడు. చదువుకున్నవాణ్ణి నేను గూడా అక్కడే ఉన్నాను, నాకూ అదే సబబనిపించింది.

వీరాయమ్మ ఇంటికి పోయి పళ్ళెం ముందు కూర్చుంది. ఆ పూట ముద్ద మింగబోతే అసలు దిగలా. గొంతు సంగతి చెప్పే ఉంటాను, అదే ఇది, అనుకుంది. మర్నాడు నలుగుర్నీ పిలిచి నోటిమాటగా చెప్పేసింది. ఇల్లు కోటిలింగానికి, గేదె అచ్చమ్మకి, కమ్మలు కోటిలింగం భార్య నాగరత్నానికి. "మరి నాకో పిన్నీ, ఫోన్ చేసింది నేనేగా?" అన్నాడు సుబ్బరామయ్య. "చేస్తే చేశావులేరా, ఆ ఫోను చెయ్యకపోతే ఇంకొన్నాళ్ళు తెలీకుండా బతికేదాన్ని" అందంట.

మళ్ళీ టర్ను గురువారం వచ్చింది. ఇంట్లోవాళ్ళంటే కోటిలింగమే గదా, ఇస్త్రీ పంచె కట్టుకుని బయల్దేరాడు. ఇల్లొస్తోందన్న హుషారో ఏమో దారంతా కబుర్లే. మేడ సగం ఎక్కాడో లేదో నిలబడిపోయాడు. కుడిచేత్తో ఎడంచెయ్యి పట్టుకున్నాడు, మొహమంతా చెమట. "ఏం లేదు వదినా, గ్యాసు" అంటూనే మెట్టు మీద కూలబడ్డాడు. వీరాయమ్మకి అప్పుడు తట్టిందంట, డాక్టరు దక్కడన్నది ఆ మూడో ముడి మనిషినని. వరండాలో మనుషుల్నీ, కాంపౌండర్నీ తోసుకుంటూ లోపలికి పోయి, "బాబూ, నాకు లాగుతోందన్న చెయ్యి నాది కాదు, ఇదిగో, మెట్ల మీదుంది!" అని కేకేసింది. డాక్టరు గబగబా దిగొచ్చాడు, ఇంజెక్షనిచ్చాడు, తన కార్లోనే గుంటూరు పంపాడు. కాస్త ఆలస్యమైతే మనిషి ఉండేవాడు కాదన్నారు తర్వాత.

కారు పోయాక వీరాయమ్మ మెట్ల మీదే కూర్చుంది. డాక్టరు ఎదురుగా నిలబడి, "అబద్ధమాడావు, బానే ఉంది. మరి నీకేంటమ్మా?" అన్నాడు. ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదావిణ్ణి. కళ్ళనీళ్ళొచ్చాయి. "ముద్ద దిగదు బాబూ, నాకు ఆ రోగమేనా?" ఆయన కనురెప్ప కిందికి లాగి చూశాడు, గోళ్ళు చూశాడు. "రక్తం లేదమ్మా నీకు. దానివల్లే గొంతు పట్టేస్తుంది కొందరికి. గుంటూర్లో గొంతులోకి గొట్టం వేసి ఒకసారి చూద్దాం, నాకైతే భయం లేదు" అన్నాడు. అట్టాగే అయింది. ఇనుము మాత్రలు వేసుకుంది, దసరా నాటికి గారెలు గూడా నమిలి మింగింది.

ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్ళు బతికింది, అచ్చమ్మ కన్నా, కోటిలింగం కన్నా వెనకే పోయింది. కోటిలింగం ఆ గుండెతోనే మనవల్నెత్తుకుని మరీ పోయాడు. కమ్మలు నాగరత్నానికే వచ్చాయి, ఇల్లు గూడా ఆవిడకే, చివరిదాకా అన్నం కలిపి పెట్టింది గనక. గేదె ఎప్పుడో పోయింది, దాని మనవరాలి దూడని అచ్చమ్మ కూతురు తోలుకుపోయింది. సుబ్బరామయ్యకేమీ లేదు. ఇల్లు నాదే అనుకుని మేడెక్కిన కోటిలింగానికి ఆ ఇంట్లో ఇటుకముక్క రాలేదు. మొన్న నాగరత్నం నన్నడిగింది, "బావగారూ, ఇల్లు రాలా, ప్రాణం దక్కింది, ఇంతకీ మా ఆయనకి ఏమన్నా వచ్చినట్టా, రానట్టా?" అని. బి.ఏ. చదివినవాణ్ణి, ఎండ దిగిందమ్మా అని లేచొచ్చాను.