మందిరం గేటు తాళంచెవి

సభను నడుపుతున్న కృపాదానం పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, యూనివర్సిటీ నుంచి వచ్చిన పిల్లలకు, రేపు హౌరాలో బండెక్కి ఊరికి వెళ్లిపోతున్న మా ప్రేమానందం అన్నగారికి వందనాలు. ప్రార్థన చేయమంటే కళ్లు మూసుకుని చేస్తాను గానీ, కళ్లు తెరిచి నలుగురిలో మాట్లాడడం నాకు కొత్త. (నవ్వులు) తెలుగు రాని పిల్లలకు, వాళ్ల జట్టులోనే ఉన్న మన జెరూషా బెంగాలీలో చెబుతుంది.

అన్నగారు యూనివర్సిటీ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేశారు. కిందటేడు ఈ పిల్లలు అంగారక గ్రహం మీద నడిచేలాంటి బండిని పోటీకి తయారు చేస్తూ, నడిపి చూసుకోవడానికి ఇసుక నేల దొరక్క తిరుగుతుంటే, మన షాలిమార్ మందిరం ఆవరణలో గోడ మరమ్మతుకు పోయించిన ఇసుక ఉందని ఆయనే పిలుచుకొచ్చారు. ఆ గ్రహం మీద నేల ఎర్రగా ఉంటుందని వాళ్లు అందులో రెండు బస్తాల ఇటుక పొడి కలిపేశారు. మన మేస్త్రీ బైరాగి చూసుకోకుండా అందులోంచే నాలుగు తట్టలు తీసి పూత వేశాడు. వెనక గోడ ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉంది. (నవ్వులు)

ఆ రోజు నేను నవ్వలేదు. దేవుని ఇంటి ఇసుక పాడుచేశారని అన్నగారితో తగవు పెట్టుకున్నాను. "ఏటమ్మా లోయిస్, ఆ గ్రహాన్ని మరొకరు చేసారేటి? మన తండ్రి చేసిందే కదా" అన్నారాయన. అయినా నా కోపం పోలేదు.

గేటు తాళంచెవి నా దగ్గరే ఉండేది. పోటీకి ముందు సోమవారం గేటుకు తాళం వేసి, భవానీపూర్‌లో మా చెల్లెలింటికి వెళ్లి కూర్చున్నాను. మూడో రోజు అన్నగారు వెతుక్కుంటూ వచ్చారు. తాళంచెవి కనబడడం లేదని చెప్పాను. దాని ఎర్ర దారం నా బైబిలు సంచిలోంచి వేలాడుతూనే ఉంది. ఆయన దాన్ని చూశారు, టీ తాగారు, వెళ్లిపోయారు.

కొత్తగా బిగించిన చక్రాలను ఇసుకలో ఒక్కసారైనా నడపకుండానే పిల్లలు పోటీకి వెళ్లారు. అక్కడ బండి పది అడుగులు నడిచి కూరుకుపోయింది. తాళంచెవి తన చేతిలోనే పోయిందని అన్నగారు వాళ్లకు చెప్పారు. ఏడాదిగా ఆయన్ని "చాబీ దాదా", అంటే తాళంచెవి అన్న, అని ఏడిపిస్తున్నారు. ఆయన ఆ మాట పడుతూనే ఉన్నారు.

జెరూషా, ఎందుకు ఆగావమ్మా? అదీ చెప్పు. తాళంచెవి లోయిస్ ఆంటీ దాచిందని చెప్పు.

(జెరూషా బెంగాలీలో చెబుతుంది)

అన్నగారూ, నా తప్పు మోసుకుని మీరు రైలెక్కకూడదు. నన్ను క్షమించండి. పిల్లలూ, మీరు కూడా.

మళ్లీ బండి చేస్తున్నారని విన్నాను. పెద్దల అనుమతి అడిగి వచ్చాను. ఇదిగో జెరూషా, తాళంచెవి ఇక నీ దగ్గరే ఉంచుకో. ఆరాధన వేళ తప్ప ఎప్పుడైనా రండి. ఇటుక పొడి కలిపేముందు మాత్రం బైరాగికి ఒక మాట చెప్పండి. (నవ్వులు)

ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. అన్నగారూ, క్షేమంగా వెళ్లండి. సెలవు.