రాష్ట్రం దాటాల్సిన రైఫిల్

హలో… ఆ, నేనే. ఎల్డన్‌ని… నీ తమ్ముణ్ణే! ఇంకెంతమంది ఎల్డన్లున్నారు నీకు?

లేదక్కా, ఎవరూ పోలేదు… మాట్లాడుకుని పంతొమ్మిదేళ్ళయితే మాత్రం? ఎవరైనా పోతేనే ఫోను చెయ్యాలా?

ఆ… విషయం ఉంది. నాన్న రైఫిల్. నీకిచ్చేద్దామని…

ఫెర్నక్కా? … ఉన్నావా?

తాగలేదు. పొద్దున పదింటికి ఏం తాగుతాను… కాఫీ.

ఆ, నీదే. ఒప్పుకుంటున్నాను. పన్నెండేళ్ళకే దాంతో దుప్పిని కొట్టినదానివి నువ్వు. మగపిల్లాణ్ణని నా చేతిలో పెట్టాడు నాన్న… నేనా? ఇన్నేళ్ళకీ రెండు కొట్టాను. ఒకటి కంచె గుంజ. రెండోది క్లైడ్ ట్రాక్టరు… ఆ, తుపాకుల కొట్టు క్లైడే. ఇంకా మాట్లాడుతున్నాడు నాతో. నీకన్నా నయం.

సరే, విను. నేనుండేది వయోమింగ్, నువ్వేమో నెబ్రాస్కా. రాష్ట్రాలు వేరైతే ఊరికే చేతికివ్వడానికి లేదు… సరిహద్దు దగ్గర పెట్రోలు బంకులోనా? కుదరదు. ఫెడరల్ నేరం… తోడబుట్టినా అంతే. లైసెన్సున్న కొట్టువాడి చేతిమీదుగానే మారాలి. అందుకని నువ్వే ఇక్కడికి రావాలి. క్లైడ్ దగ్గర ఫారం నింపుతావు. వాడు ప్రభుత్వం వాళ్ళకి ఫోన్ చేసి నీ గురించి ఆరా తీస్తాడు. ఏ కేసూ లేదంటే పట్టుకుపోతావు… ఉన్నాయా కేసులు? … అడిగాను, అంతే. ఫారంలో కూడా అడుగుతారు.

… అరువా? ఆ, వేటకైతే అరువివ్వచ్చు, రాష్ట్రం దాటినా తప్పులేదు. వేటయ్యాక తిరిగి నాకిచ్చెయ్యాలి. దాంతో చిక్కేమిటంటే… వేట సీజను అక్టోబరు. డాక్టరేమో మే అంటున్నాడు.

…

మే నెలక్కా. ఈ వచ్చే మే… క్లోమంలో క్యాన్సరు… అడిగాను. ఇంకో డాక్టర్నీ అడిగాను. ఆయన జూన్ అన్నాడు.

ఏడవకు… సరే, ఏడువు. నేను లైన్లోనే ఉంటాను.

…

వీలునామానా? రాయొచ్చు. అలాగైతే క్లైడూ అక్కర్లేదు, ఫారమూ అక్కర్లేదు. నేరుగా నీకే వస్తుంది. బతికున్నవాడు ఇస్తేనే చట్టానికి అనుమానం.

ఏంటి? … పార్సిలా? … బావ చెప్పాడా? పక్కనే వింటున్నాడన్నమాట. ఆయనకెప్పుడూ అన్నీ తెలుసు… ఆ. పంపొచ్చు. మీ ఊరి కొట్టుకి పంపితే నువ్వెళ్ళి ఫారం నింపి తెచ్చుకోవచ్చు… తెలుసు. మొదటిరోజే చెప్పాడు క్లైడ్.

… అబద్ధం కాదు. సగమే చెప్పాను.

ఎందుకా? … పార్సిల్ చేస్తే రైఫిల్ నీ దగ్గరికొస్తుంది. నువ్వు నా దగ్గరికి రావు. నాకు నిన్ను చూడాలనుంది… అంతే.

…

అక్కా?

… రేపా? రేపు ఆదివారం కదే. క్లైడ్ కొట్టు మూత. సోమవారం కూడా తియ్యడు. మంగళవారమైతే —

ఆ.

ఆ… కొట్టుతో పనిలేదంటావా.

… సరే. ఇటు మంచు పడుతోంది, బావని నిదానంగా తోలమను. దార్లో తినడానికి ఏమన్నా — హలో? … అక్కా? … హలో?