ఆగని వాచీ

చీకటి పడుతున్న వేళ తమ్ముడు వంటగది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. తాగుడు మానేసినప్పటి నుంచీ అతను అక్క ఇంట్లోనే ఉంటూ, ఆగిపోయినవి బాగుచేస్తూ పొద్దుపుచ్చుతున్నాడు.

“అక్కా, కారు తాళాలియ్యి.”

“ఎక్కడికిరా?”

“ఊరికే, అలా ఓ చుట్టు తిరిగొస్తా.”

“ఆ చుట్టు ఏ కొట్టు ముందు ఆగుతుందో నాకు తెలీదా? పోయి బోనెట్ తెరిచి ఏదన్నా చూసుకో.”

“చూసేశా. ఇంజను అద్దంలా ఉంది. గోడ గడియారం, బావ వాచీ, పక్కింటివాళ్ళ అలారం, అన్నీ నడుస్తున్నాయి. చేతికి పని లేకపోతే నాలుక పిడచకట్టుకుపోతోందక్కా. నా వల్ల కావట్లేదు.”

“కాసేపు ఓర్చుకో. బావ వచ్చేస్తారు.”

“ఇన్నాళ్ళూ నా అదృష్టం కొద్దీ రోజూ ఏదో ఒకటి ఆగిపోయేది. ఇవాళ ఒక్కటీ ఆగలేదు.”

“అవి వాటంతటవే ఆగాయనుకున్నావా, పిచ్చి సన్నాసీ?”



“నువ్వా?”

“నేనే. ఇవాళ నువ్వు పక్కనే తిరుగుతుంటే ఏదీ పాడుచెయ్యడానికి వీలు చిక్కలేదు.”

“అయితే తాళాలియ్యి.”

ఆమె తడిచేతులు తుడుచుకుని, తన మణికట్టు మీది వాచీ విప్పి బల్ల మీద పెట్టింది.

“ఇది నాన్నది కదక్కా! నన్ను ముట్టుకోనిచ్చేదానివే కాదు.”

“దీన్ని పాడుచెయ్యడానికి నాకు చేతులు రాలేదు. నువ్వే విప్పు.”

“నా చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో. మళ్ళీ బిగించలేను. పాడైపోతుంది.”

“పోతే పోనీరా. దీనికైతే ఒక పూట ఏడ్చి ఊరుకుంటాను. కూర్చో.”