సింకు దగ్గర భోజనం

హలో… ఆ ఆ, నేనే అక్కా, చెప్పు. ఏం చేస్తోంది మా మిరపకాయ? పెద్దమ్మ ఇంట్లో రాత్రి బాగా నిద్రపోయిందా?… ఏమో, నేనింకా టైమే చూళ్ళేదు. పొద్దుట్నుంచీ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఆదివారమని పేరే గానీ…

ఉండు, ఉండు. ఏవండీ! వాడి చేతిలోంచి ఆ గిన్నె లాక్కోండి, నెత్తిమీద బోర్లించుకుంటున్నాడు!

ఆ, చంటోడే. వాళ్ళ నాన్న తినిపిస్తున్నారు. మీ మరిది తినిపించడమంటే తెలుసుగా, నోట్లోకి ఒక ముద్ద, నేలమీదకి నాలుగు. తుడిచేదెవరు? నేను.

… లేదు, చెప్పు. తుడుచుకుంటూనే వింటాను. చెవులు ఖాళీగానే ఉన్నాయిగా.

ఏంటీ? సింకు దగ్గరా?… నిలబడా?

ఓస్, అంతేనా! నీ గొంతు విని ఏ దెబ్బ తగిలిందో అని హడలి చచ్చాను. అది ఇక్కడా అంతే అక్కా. కంచం పట్టుకుని సింకు దగ్గరకొచ్చి, నిలబడే తినేస్తుంది. ఒక్క మెతుకు కింద పడదు. అదే నీ కొడుకులైతేనా, తిని లేచాక కుర్చీల కింద కోళ్ళు మేయొచ్చు…

కోపమెందుకు, ఊరికే అన్నాను.

… కూర్చోవద్దని నేనెందుకంటాను? నా బిడ్డని నిలబెట్టి తిండి పెడతానా?… ఒట్టు, ఒక్కసారి కూడా అన్లేదు.

అంటే… మెతుకులు పడితే అరుస్తాను. అరవరా మరి? చీమలొస్తాయి. చంటోడు పాకుతున్నాడు, ఏది దొరికితే అది నోట్లోకే. వారమంతా ల్యాబులో ఊరందరి రక్తం సీసాలూ మూత్రం సీసాలూ సర్దుతాను. ఇంటికొచ్చాక నా ఇల్లు కాస్త శుభ్రంగా ఉండాలనుకుంటే తప్పా?

… అద్దంలా ఉంటే నీకేం కష్టం? ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు.

అను, అను. గట్టున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు. నీ పిల్లలు పెద్దాళ్ళైపోయారు. నాకు అలాక్కాదు. అందరూ ఒక్కచోట కూర్చుని వేడివేడిగా తినాలని బల్ల సర్దుతానా, సర్దేసరికి ఒకడికి నిద్ర, ఒకదానికి బాత్రూం, ఆయనకేమో ఫోను. అందరినీ లాక్కొచ్చి, పెట్టి, గిన్నెలు నానబెట్టి, ఆ పక్కనే నాలుగు ముద్దలు నేను… సరేలే, నా తిండి సంగతి ఇప్పుడెందుకు.

ఏమన్నావ్?… మళ్ళీ అను.

బడి తెరిచేదాకా దాన్ని నీ దగ్గరే ఉంచుకుంటావా?

ఎందుకట? ఇక్కడ భయపడుతూ తింటోందనా?… నువ్వు అన్లేదులే. అనకపోయినా అర్థమవుతుంది.

… దాన్నడిగావా? ఉంటానందా?

… ఏమీ అన్లేదా. తల దించుకుందా.

అక్కా… నాకు భయంగా ఉంది. నిజంగా. ఇంటికి రానంటుందేమో అక్కా. నేను అరిచిన అరుపులన్నీ దాని ఒంట్లోకి పోయాయేమో. … లేదు, నువ్వేం ఓదార్చక్కర్లేదు. ఫోను దానికివ్వు… ఇవ్వు తల్లీ, నీకు దణ్ణం పెడతాను!

హలో… మిరపకాయా? అమ్మని… తిన్నావా?… ఇంకా లేదా?

నేనేం అరవను గానీ, ఒక్కటి చెప్పు బంగారం. రాత్రి పెద్దమ్మ కుర్చీ వేసిందంటగా. మరి సింకు దగ్గరకెళ్ళి ఎందుకు నిలబడ్డావ్? మెతుకులు పడితే అరుస్తారనా?

… కాదా?

… పెద్దమ్మ కూడా అక్కడే ఉందా? అందరికీ పెట్టేసి, అక్కడ నిలబడి తింటోందా?

అయితే?

… పెద్దమ్మ ఒక్కతే తింటోందని… నువ్వెళ్ళి తోడు నిలబడ్డావా.

మరి… ఇంట్లో కూడా… నాకు తోడుగానేనా?

…

ఆ, ఉన్నాను. ఉన్నానే, లైన్లోనే… ఏడవట్లేదు… సరే, ఏడుస్తున్నాను. ఏం, అమ్మలు ఏడవకూడదా?

స్పీకర్లో ఉందా ఫోను? విన్నావా అక్కా? ఇందాకట్నుంచి నాకు పాఠాలు చెప్తున్నావుగా, ఇప్పుడు మాట్లాడు!

మిరపకాయా, నిజం చెప్పు. నీకు అక్కడుండాలనుందా?… అన్నయ్యలతో ఆడుకోవాలనా? మరి పెద్దమ్మ అడిగితే తల దించుకున్నావెందుకు?

… నువ్వు ఉండిపోతే నేనొక్కదాన్నే తినాలనా?

ఓరి నా తల్లీ! ఇంతుండి నువ్వు నాకు కాపలా కాస్తున్నావా? మీ నాన్నకి తట్టలేదు, నాకే తట్టలేదు… వద్దొద్దు, రావక్కర్లేదు. ఉండు. బడి తెరిచేదాకా ఉండి ఆడుకో… ఆ, తింటాను… కూర్చునే తింటాను… నమ్మవా?

ఏవండీ, కాస్త జరగండి… గిన్నెలా? అవెక్కడికీ పారిపోవు. ఆ కంచం ఇటివ్వండి. నేల సంగతి నాకు చెప్పకండి, కళ్ళున్నాయి నాకు.

కూర్చున్నానే… కుర్చీలోనే! కావాలంటే మీ నాన్ననడుగు… చంటోడా? నా మోకాళ్ళమీదకెక్కాడు. అన్నం చేతులతో నా జుట్టు పీకుతున్నాడు… పీకనీలే.

సరే, నువ్వూ కంచం తెచ్చుకో. ముందు పెద్దమ్మని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు… కూర్చుందా?… గట్టిగా పట్టుకో, మళ్ళీ లేస్తుంది అది.

ఫోను కట్ చెయ్యను. ఇదిగో, కంచం పక్కనే పెడుతున్నాను. తింటున్నానో లేదో విను.