రెక్క తిరగని మలుపు

కొండల మీద గాలిమరలు పెడతారట. వాటి రెక్కలు మోసే లారీ మా మలుపులో తిరగాలంటే నా టీ కొట్టు అడ్డమట. రెండ్రోజుల్లో ఎత్తేయమని చెప్పడానికి వచ్చిన రెక్కల మేస్త్రి, ఆ ముక్క అనడమైతే అన్నాడు గానీ, నా మొహం చూసి చప్పున తన ప్రతాపాల్లోకి దూకాడు.

"గాలిమరకి చోటు చూడటమంటే మాటలా వదినా? పోయిన పనిలో ఇంజనీర్లు ఏ గుట్ట మీద పెట్టాలా అని కొట్టుకుంటుంటే, నేను తువ్వాలు విదిలించి చూపించా. అది ఎటు ఎగిరిందో అక్కడ పెట్టారు. తిరిగింది."

అంతవరకు బాగానే ఉంది. బల్ల మీద టీ తాగుతున్న పక్క కొట్టు టైలరు తలూపాడు. ఆ ఊపుడే కొంప ముంచింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తువ్వాలు కూడా అక్కర్లేకపోయింది. ఏ నెల ఏ గాలో నా మీసమే చెప్పేసేది. గాలి కొలిచే స్తంభం పాతడం మానేసి శిఖరం మీద నన్నే పాతారు. అన్నం నిచ్చెన వేసి అందించేవాళ్లు."

మరి నిద్రో అన్నాడు టైలరు.

"నిలబడే. నా గురకకి పక్క గుట్ట మీద మర తిరిగి ఊళ్లో లైట్లు వెలిగేవి. దగ్గితే బల్బులు మాడిపోయేవి."

మేస్త్రి వెంట వచ్చిన లారీ డ్రైవరుకి టీ పొలమారింది. మేస్త్రి ఆగలేదు.

"ఇంకా వినండి. అక్కడి మలుపు దీనికంటే ఘోరం. ఒక పక్క లోయ, ఒక పక్క ఇల్లు, ఇంట్లో బాలింత. లారీ ఇరుక్కుంది. ఇల్లు పడగొడదామన్నారు. నేనుండగానా? రెక్కకి కట్టిన గొలుసులు విప్పించి, ఒంటి చేత్తో గాలికి ఎదురు తిప్పా. గాలిపటంలా లేచింది. కొస పట్టుకుని నేనూ లేచా. ఇంటి మీదుగా పోయి శిఖరం మీద దించితే, బాలింతకి మెలకువ కూడా రాలేదు."

"పెంకు కూడా కదల్లేదా మరిదీ?"

"కదిలితే ఒట్టు వదినా."

విన్నారుగా అని అందరినీ అడిగాను. విన్నామన్నారు.

"మరి నా కొట్టు ఎత్తడం దేనికి? రెక్క వచ్చిన రోజు కబురు చెయ్యి. నువ్వు పైనుంచి పోదువుగాని, నేను పాలగిన్నె మీద మూత పెట్టుకుంటా."

మేస్త్రి రోడ్డుకి అవతలున్న గట్టుని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. అది తవ్వితే లారీ తిరుగుతుందా అని డ్రైవర్ని మెల్లగా అడిగాడు.